అద్దాల మేస్త్రి సంతకం

మా వదిన పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. "ఊపిరి బిగపట్టండి, కదలకండి, ఇక వదలండి" అని రోజంతా అనీ అనీ, ఇంట్లో కూడా ఆమె మాట అలాగే తయారైంది. పొడిగా ఉంటుంది, అవతలివాళ్ళు కాదనడానికి సందివ్వదు. ఆమె నా భార్యకి సొంత అక్క. భర్త పోయిన ఏడాదే మా మేడమీది గదిలోకి వచ్చేసింది. వస్తూ ఒక మంచం, ఒక కుట్టుమిషను, రెండు ఇనప పెట్టెలు తెచ్చుకుంది. పెట్టెల్లో బట్టలుంటాయనుకుని ఒకటి నేను ఎత్తబోయాను. నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. వాటి నిండా పత్రికలే.

పత్రిక పేరు ద్వారబంధం. మూడు నెలలకొకసారి వచ్చేది, ఇప్పుడు ఆగిపోయింది. బొమ్మలు వేసేవాళ్ళు, రాళ్ళు చెక్కేవాళ్ళు, పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు తమ పనికీ దేవుడి మీద నమ్మకానికీ ఏం సంబంధం ఉందో అందులో రాసేవారు. ఏ మతంవాళ్ళయినా రాయొచ్చు, అసలు మతమే పట్టనివాళ్ళూ రాయొచ్చు. నేనూ ఒకటి రెండు సంచికలు తిరగేశాను. బస్సు డిపోలో టైర్ల లెక్క చూసుకునేవాణ్ణి, నాకవి ఎక్కలేదు. ఒక వ్యాసం సగంలోనే కునుకు పట్టేసింది.

మా వదిన చదివి ఊరుకునే రకం కాదు. రాసినవాళ్ళు ఎక్కడున్నారో ఆరా తీసి, ఇంటికి వెళ్ళి, ఎవరి రచన చివర వాళ్ళ చేత సంతకం పెట్టించుకునేది. మొదట్లో బస్సుల్లో తిరిగేది. మా ఇంటికొచ్చాక నా స్కూటరూ, నా ఆదివారాలూ ఆ పనికి రాసిచ్చేసినట్టయింది. కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగేది ఆవిడ, పెట్రోలు కొట్టించుకుంటూ నేను. అందుకే నేను పెట్టిన పేరు సంతకాల వదిన. ఆమె ముందు కూడా అనేవాణ్ణి, ఏమీ అనుకునేది కాదు.

"అసలెందుకు వదినా ఇదంతా? చదివారు, బాగుంది, అయిపోయింది కదా?" అని ఒకసారి అడిగాను.

"రోజూ ఎన్నో చేతుల ఎముకలు చూస్తాను మరిది గారూ. ఆ చెయ్యి జన్మంతా ఏం పని చేసిందో ఎముకలో కనబడదు. ఇక్కడ చేసిన పని పైన ఉంటుంది, చేసిన చెయ్యి కింద ఉంటుంది. రెండూ ఒక్క చోట చూస్తే నాకు నిమ్మళంగా ఉంటుంది."

అంతకు మించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ రొక్కించి అడగలేదు.

ఆ పెట్టెల్లో ఒక్క సంచిక మాత్రం ఆమెకి గొంతులో ముల్లులా ఉండేది. పత్రిక పెట్టిన కొత్తలో వచ్చిన సంచిక అది. అందులో రాసినవాళ్ళందరి సంతకాలూ దొరికాయి, ఒక్క అద్దాల మేస్త్రివి తప్ప. ప్రార్థన మందిరాల పెద్ద కిటికీలకి రంగు గాజు ముక్కలు కోసి, సీసపు పట్టీలతో అతికించి, బొమ్మలు కట్టే పనివాడాయన. 'రంగు గాజు వెనక' అని ఒకే ఒక్క వ్యాసం రాశాడు. ఆ తర్వాత ఊరొదిలి వెళ్ళిపోయాడు. సంపాదకుడిని అడిగితే, "నాకూ తెలీదమ్మాయ్. తర్వాతి సంచిక పంపిస్తే తిరిగొచ్చేసింది" అన్నాడు.

ఆ వ్యాసం ఆమెకి నోటికి వచ్చు. కరెంటు పోయిన ఒక సాయంత్రం మేడ మీద అందరం కూర్చున్నప్పుడు, మా ఆవిడ బతిమాలితే చివరి పేరా చెప్పింది.

"చివరి గాజు ముక్క బిగించేసరికి సాయంత్రమైంది. ఎర్రటి వెలుగు నా అరచేతుల మీద పడింది. నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఇన్నాళ్ళూ ఈ చేతుల చేత పని చేయించిందెవరో నాకు తెలిసిపోయింది."

పూజలూ ప్రార్థనలూ పెద్దగా పట్టించుకోని మనిషి ఆమె. ఆ నాలుగు వాక్యాలూ చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను.

*

ఒకరోజు ఆస్పత్రి నుంచి వచ్చీ రాగానే, చెప్పులు కూడా విడవకుండా, "దొరికాడు" అంది.

మణికట్టు విరిగి ఒక పెద్దాయన ఎక్స్‌రే గదికి వచ్చాడట. నిచ్చెన మీంచి జారి, కుడిచెయ్యి కింద ఆనించాడు. చీటీ మీద పేరు చూసింది. ఆ పేరు గలవాళ్ళు ఊళ్ళో ఇంకెందరో ఉంటారనుకుంది. చెయ్యి పలక మీద సర్దుతుంటే వేళ్ళ నిండా సన్నగా తెల్లగా పాత గాట్లు కనిపించాయి.

"ఏం పని చేస్తారండీ?"

"అద్దాలు కోస్తాను."

అడ్డుగోడ వెనక్కి వెళ్ళి, మీట మీద వేలు పెట్టి, "కదలకండి" అని, ఇక ఆగలేక అక్కణ్ణుంచే, "రంగు గాజు వెనక రాసింది మీరేనా?" అని అడిగేసింది.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. ఫిల్ము మీద మణికట్టుకి బదులు పొగ మబ్బు వచ్చింది. మళ్ళీ తీయాల్సొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన నోటి తొందర వల్ల ఎక్స్‌రే పాడవడం అదే మొదటిసారని మా ఇంట్లో ఆమే చెప్పుకుని నవ్వింది.

"సంతకం పెట్టమని అడిగారా?" అన్నాన్నేను.

"అడిగాను. విరిగిన చెయ్యి చూపించాడు."

"వేలిముద్ర వేయించుకోవాల్సింది."

"పిండికట్టు విప్పాక పెడతానన్నాడు. ఈలోగా పత్రిక ఓసారి ఇమ్మన్నాడు. ఆయన దగ్గర లేదట. సంతకానికి ముందు మళ్ళీ చదువుకోవాలట."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకుని అలాగే వచ్చేసింది. "ఇస్తానన్నావా? నాకు చదవడానికే కిందకి ఇవ్వవు కదే! మేడ మీదకొచ్చి చదువుకోమంటావు."

"రాసినవాడికి ఇవ్వకపోతే ఎలా?" అంది వదిన, నీళ్ళు నములుతూ.

ఆ ఆదివారమే తీసుకెళ్ళి ఇచ్చాం. బజారు చివర ఇరుకు సందులో ఆయన దుకాణం. బయట అమ్మకానికి నిలబెట్టిన అద్దాల్లో వచ్చే పోయే జనం ముక్కలు ముక్కలుగా కనబడుతున్నారు. లోపల పొడుగాటి బల్ల, దాని మీద పాత కంబళి పరిచి, కంబళి మీద గాజు పలక. గోడవారన దుకాణాల తలుపులకి వేసే మందపు గాజులు చెక్క చట్రాల్లో నిలబెట్టి ఉన్నాయి. లప్పం వాసన. రంగు గాజు ముక్క ఒక్కటి కూడా ఎక్కడా లేదు. ఆ సంగతి వదిన కూడా చూసింది, అడగలేదు.

మేస్త్రి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, పత్రికని ఎడం చేత్తో అందుకుని, ఒక అద్దాన్ని పట్టుకున్నట్టు అంచులు పట్టుకున్నాడు. అది చూసి వదిన మనసు కుదుటపడింది.

"మడత పెట్టకండి," అంది అయినా.

"మడత పెట్టను. బల్ల మీద కూడా పెట్టను, గాజు పొడుంటుంది," అన్నాడు.

*

కట్టు విప్పుతారన్న వారం మళ్ళీ వెళ్ళాం. వదిన బయల్దేరే ముందు రెండు పెన్నులు కాగితం మీద గీసి చూసుకుంది.

కట్టు విప్పేశారు. చెయ్యి ఇంకా పాలిపోయి సన్నబడి ఉంది. మేస్త్రి భార్య మాకు టీ ఇచ్చి, లోపలికి పోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆయన పత్రికని శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచాడు. విప్పి వదిన ముందు పెట్టాడు.

"సంతకం పెట్టను తల్లీ. ఏమీ అనుకోకు."

"చెయ్యి నొప్పా? ఇంకో వారం ఆగుతాను."

"చెయ్యి బాగానే ఉంది. చివరి పేరా నేను రాయలేదు."

వదిన మొహంలో ఏమీ మారలేదు. ఎక్స్‌రేలో చెడ్డది కనబడ్డా రోగికి తెలియనివ్వకుండా ఉండడం అలవాటైన మొహం అది. టీ కప్పు కింద పెట్టింది.

"మరి మీరేం రాశారు?"

"చివరి ముక్క బిగించాను. నిచ్చెన దిగాను. ఆకలేసింది. ఇంటికి వెళ్ళాను. అంతే రాశాను. నిజంగా జరిగింది అదే. కిటికీ బాగా కుదిరింది, వెలుగు బాగా పడింది, చూసినవాళ్ళు ఏడ్చారు. నాకేమీ అనిపించలేదు. అనిపించలేదేమిటా అని రాద్దామనే ఆ వ్యాసం మొదలెట్టాను."

"మరి అచ్చులో చూసుకున్నాక అడగలేదా?"

"అడుగుదామనే బయల్దేరాను. ఈలోపు ప్రార్థన మందిరం పెద్దలు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు. 'నువ్వింత భక్తుడివని తెలీదు' అన్నారు. ఇంకో మందిరం కిటికీల పని కూడా నాకే ఇచ్చారు. కక్కలేక మింగలేక ఊరుకున్నాను."

ఆయన ఆగాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య, "చెప్పు. అంతవరకూ చెప్పి ఆగితే ఎలా?" అంది.

"ఒకావిడ జబ్బు పిల్లాణ్ణి తీసుకొచ్చింది. ఆ పేరా చదివిందట. 'మీ చేతులు వాడి తల మీద పెట్టండి' అంది. నేను అలాంటివాణ్ణి కాదమ్మా అన్నాను. అణకువ కొద్దీ అంటున్నాననుకుంది. పెట్టాను. పెట్టకపోతే కదిలేలా లేదు."

"పిల్లాడు?"

"బతికాడు. అదే కొంప ముంచింది."

ఆ తర్వాత జనం రావడం మొదలెట్టారు. దుకాణం ముందు నిలబడేవారు. గాజు కోస్తుంటే చేతులకేసి చూసేవారు. కాదని చెప్తే వినేవారు కాదు, విసుక్కుంటే పరీక్ష పెడుతున్నాడనుకునేవారు. అలా వచ్చిన ఇంకొకావిడ కూతురు తల మీద కూడా ఆయన చెయ్యి పెట్టాడు. ఆ పిల్ల దక్కలేదు.

"మళ్ళీ వచ్చింది ఆవిడ," అంది మేస్త్రి భార్య. "తిట్టలేదు, ఏడవలేదు. దుకాణం మెట్టు మీద పొద్దున్న కూర్చుంది, పొద్దుగూకే దాకా కూర్చుంది. ఉలుకూ పలుకూ లేదు. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. ఆ నెలలోనే సామాను సర్దుకుని ఇక్కడికొచ్చేశాం. అప్పట్నుంచీ రంగు గాజు ముట్టలేదు, మొహం చూసుకునే అద్దాలూ తలుపుల గాజులే కోస్తున్నాడు."

వదిన పత్రిక తెరిచి ఆ పేజీకేసి చూసింది, మళ్ళీ మూసింది.

"ఇది మీ దగ్గరే ఉంచండి. నేను వెళ్ళి మాస్టారిని తీసుకొస్తాను," అంది.

"ఎందుకు తల్లీ? పాత గొడవ."

"మీకు పాతది. నాకు ఇప్పుడే తెలిసింది కదా."

*

మాస్టారంటే సంపాదకుడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. పత్రిక నడిపిందంతా ఇంటి ముందు గదిలోనే. ఇప్పటికీ ఆ గదిలో కుర్చీల కంటే పత్రికల కట్టలే ఎక్కువ. కట్టలు దించితే గానీ మనిషి కూర్చోవడానికి చోటుండదు. చూపు తగ్గింది. భూతద్దం పట్టుకుని పాత సంచికలు చదువుకుంటూ ఉంటాడు, అందులో కూడా పెన్సిలుతో దిద్దుతూ ఉంటాడు.

దారి పొడుగునా వదిన నా వెనక కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా అయితే ఆ మలుపులో నెమ్మదిగా వెళ్ళండి, ఆ గుంట చూసుకోండి అంటూ చెవిలో జోరీగలా ఉంటుంది. ఆ రోజు గుంటలో దించినా ఏమీ అనలేదు.

లోపలికి వెళ్తూనే అడిగేసింది.

"మాస్టారూ, అద్దాల మేస్త్రి వ్యాసంలో చివరి పేరా మీరు రాశారా?"

ఆయన తడుముకోలేదు. "రాసే ఉంటాను. అందరివీ దిద్దాను. సంపాదకుడంటే ఏమనుకున్నావమ్మాయ్, ఉత్తరాలు పంచే మనిషా? ఏం రాశాను? చదువు."

చూడకుండానే చెప్పింది. ఆయన తల పంకిస్తూ విన్నాడు. "బాగుంది," అన్నాడు చివర్న.

"ఆయన రాసింది అది కాదు. ఆకలేసింది, ఇంటికి వెళ్ళాను అని రాశాడు."

"ఆ, ఇప్పుడు గుర్తొచ్చింది. అది ముగింపా? చదివినవాడు ఏమనుకోవాలి?"

"ఆకలేసి ఇంటికెళ్ళాడు అనుకోవాలి."

నాకు నవ్వొచ్చింది, దగ్గులో కలిపేశాను. మాస్టారు మొహం గంటు పెట్టుకున్నాడు.

"నీకు నచ్చలేదా ఆ పేరా? నిజం చెప్పు."

వదిన కట్ట మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మా ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు రోజూ చదివేదాన్ని మాస్టారూ. నేను పని చేసే ఆస్పత్రే. నేను తీసిన ఫిల్ములే. ఏం జరగబోతోందో డాక్టరు చెప్పక ముందే నాకు తెలుసు. ఆ ఫిల్ము చేత్తో పట్టుకుని వార్డు మెట్లెక్కాలి. మెట్ల కింద నిలబడి ఆ నాలుగు వాక్యాలూ లోపల చదువుకుని ఎక్కేదాన్ని."

ఈ సంగతి నాకు గానీ, మా ఆవిడకి గానీ అప్పటిదాకా తెలీదు. నేను ఎటు చూడాలో తెలీక కట్టల మీది దుమ్ముకేసి చూశాను.

మాస్టారు గొంతు తగ్గించాడు. "మరింకేమమ్మాయ్? పనికొచ్చింది కదా. ఎవరు రాస్తేనేం?"

"నిచ్చెనెక్కి గాజు బిగించిన మనిషి చెప్పిన మాటని నమ్మాను. ఆ వెలుగులో చేతులు పెట్టిన మనిషి చెప్పిన మాటని. మీరు పెట్టారా?"

ఆయన భూతద్దాన్ని పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ తుడిచాడు.

"నేను ఆ కిటికీలు చూడనేలేదు," అన్నాడు. "పత్రిక పెట్టిందే నాకు అలాంటిది ఒక్కసారైనా జరుగుతుందేమోనని. జరగలేదు. బొమ్మ చూసినా, పాట విన్నా బాగుందని తెలిసేది, అంతే. తలుపు దాకా వెళ్తాను, లోపలికి అడుగు పడదు. అతని వ్యాసం చదువుతుంటే, ఇదిగో ఇతనికి జరగబోతోంది, జరగబోతోంది అనిపించింది. తీరా చూస్తే ఆకలేసిందని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. జరిగి ఉంటుంది, చెప్పుకోవడం చేతకాలేదు అనుకున్నాను. అతని బదులు నేను చెప్పాను."

"ఆయనకీ జరగలేదు మాస్టారూ."

"అతనికీ జరగలేదా?" అన్నాడు. ఆ మాట మేస్త్రి గురించి అన్నట్టు లేదు.

వదిన లేచి, ఆయన చేతికర్ర అందించింది. "పదండి, వెళ్దాం. మరిది గారు ఆటో పిలుస్తారు."

*

ఇద్దరూ ఒకరినొకరు అంతవరకు చూడలేదట. వ్యాసం పోస్టులో వెళ్ళింది, పత్రిక పోస్టులో వచ్చింది. మాస్టారు దుకాణంలో అడుగు పెడుతూనే చుట్టూ అద్దాల్లో తన మొహమే కనబడి తడబడ్డాడు. మేస్త్రి ఎడంచెయ్యి ఆసరా ఇచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

నేను పెద్ద గొడవే అవుతుందనుకున్నాను. అయింది కూడా, కానీ నేననుకున్న తీరులో కాదు. మాస్టారు మొదట మర్యాదగానే మొదలెట్టి, రెండు నిమిషాల్లో మళ్ళీ ఆ ముగింపు దగ్గరికే వచ్చాడు. ఆకలి అన్న మాటతో ముగిస్తే వ్యాసం గాల్లో వేలాడుతుందన్నాడు.

"వేలాడనివ్వండి. నేనూ వేలాడే ఉన్నాను అప్పుడు," అన్నాడు మేస్త్రి.

"కనీసం ఒక్క వాక్యం... ఆ వెలుగు గురించి..."

"వెలుగు గురించి అంతకు ముందు నాలుగు పేజీలు రాశాను కదండీ. ఏ గాజులో ఎంత దిగుతుందో, ఏ పూటకి ఏ రంగు ఎక్కడ పడుతుందో అంతా రాశాను. నాకు తెలిసింది అదే."

"నీకు తెలిసిందే రాస్తే సరిపోతుందా?"

"నాకు తెలియంది మీరు నా పేరు మీద రాస్తే సరిపోయిందా?"

అప్పుడు మేస్త్రి భార్య గుమ్మం దగ్గర్నుంచి ముందుకొచ్చి, మాస్టారి పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మెట్టు మీద కూర్చున్న ఆవిడ సంగతి చెప్పింది. మాకు చెప్పినట్టు గబగబా చెప్పలేదు. ఆ పిల్లకి ఎన్నేళ్ళుంటాయో, వాళ్ళమ్మ ఏ రంగు చీర కట్టుకుందో, మధ్యాహ్నం ఎండ మెట్టు మీదికి వస్తే పక్కకి కూడా జరగలేదనీ చెప్పింది. మాస్టారు వింటూ వింటూ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

"మీకు తెలియడానికి లేదు లెండి," అంది ఆవిడ. ఆ అనడంలో కోపం లేదు, ఊరడింపూ లేదు.

బయట ఎవరో పగిలిన అద్దం పట్టుకొచ్చి బేరం మొదలెట్టారు. మేస్త్రి లేచి వెళ్ళి, కొలత రాసుకుని, రేపు రమ్మని చెప్పి వచ్చాడు.

"అమ్మాయ్, పెన్నివ్వు," అన్నాడు మాస్టారు.

వదిన పత్రిక తెరిచి ఆ పేజీ దగ్గర పెట్టింది. కొట్టేస్తాడనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుందని ఆమె వేళ్ళు చూస్తే తెలిసింది. పేజీ అంచు గట్టిగా పట్టుకుని ఉంది. ఇన్నేళ్ళుగా ఒక్క మరక పడనివ్వని పత్రిక అది.

మాస్టారు కొట్టెయ్యలేదు. భూతద్దం ఆనించి, చివరి పేరా కింద ఖాళీలో, "ఈ పేరా నేను రాశాను, వ్యాసకర్తకి సంబంధం లేదు" అని రాసి, కింద పొడుగ్గా సంతకం చేశాడు. కాసేపు ఆగి తేదీ కూడా వేశాడు.

"కొట్టెయ్యను," అన్నాడు మేస్త్రితో. "అబద్ధమే. నేను రాసినవాటిలో మంచిది కూడా అదే. నా కింద ఉండనీ."

"మీ ఇష్టం. నా కింద లేకపోతే చాలు," అన్నాడు మేస్త్రి.

పత్రిక ఆయన ముందుకి జరిగింది. ఆయన సొంత మాటలు ముగిసే చోట, ఆ పేరాకి పైన రెండు వరుసల సందు మాత్రమే ఉంది. పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి వణికింది.

"మణికట్టు తిప్పకండి. మోచెయ్యి బల్ల మీద ఆనించండి. చెయ్యంతా కదపండి," అంది వదిన. ఆస్పత్రి గొంతు. తర్వాత అలవాటు కొద్దీ, "ఊపిరి బిగపట్టండి" అని కూడా అనేసింది.

ఆయన నిజంగానే ఊపిరి బిగపట్టాడు. సంతకం వంకర టింకరగా పడింది, చివరి అక్షరం కింది పేరాలోకి కొంచెం దిగింది. చూసుకుని, "ఇది కూడా నాదిలా లేదు" అన్నాడు. మాస్టారు గట్టిగా నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వడం అదే మొదలు.

*

తిరుగు దారిలో మాస్టారిని ఇంటి దగ్గర దింపినప్పుడు, ఆటో దిగి కూడా వదిన చెయ్యి వదల్లేదు.

"మిగతా సంచికలన్నీ పట్టుకురా అమ్మాయ్. ఎక్కడెక్కడ చెయ్యి పెట్టానో చెప్తాను. గుర్తున్నంత వరకు."

నేను నీరుగారిపోయాను. రెండు ఇనప పెట్టెలు, నా నడుం కళ్ళ ముందు కనబడ్డాయి.

"వద్దు మాస్టారూ," అంది వదిన.

"తెలుసుకోవాలని లేదా?"

"మిగతావాళ్ళు చదువుకుని, తమదేనని పెట్టారు సంతకాలు. పెట్టాక అవి వాళ్ళవే. మేస్త్రి ఒక్కడే పెట్టనన్నాడు."

మాస్టారికి ఆ జవాబు నచ్చిందో లేదో తెలీదు. తల ఊపి, కర్ర తాటించుకుంటూ లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. ఆ ఏడాదే, చలి మొదలయ్యాక పోయాడు. ఆఖరి చూపుకి మేస్త్రి దంపతులు కూడా వచ్చి, వెనక వరసలో నిలబడి, అందరితో పాటు వెళ్ళిపోయారు. ముందు గదిలోని కట్టలు ఏం చెయ్యాలో తెలియక కొడుకులు వదినని అడిగారు. తనకి లేని రెండు సంచికలు మాత్రం తీసుకుని, మిగతావి కాలేజీ లైబ్రరీకి పంపించే ఏర్పాటు చేసింది. మోయడం నా వంతే.

వదిన ఆ పేరా ఇప్పటికీ చదువుతుందా అని నాకు చాలాకాలం అడగాలని ఉండేది. ఒక రోజు పొద్దున్న ఆస్పత్రి దగ్గర దింపుతూ అడిగాను.

"చదువుతాను," అంది చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఇదివరకు ఎర్రటి వెలుగులో మోకాళ్ళ మీద కూలబడ్డ మనిషి కనబడేవాడు. ఇప్పుడు కట్టల మధ్య కూర్చుని, తనకి జరగనిది రాసుకుంటున్న మాస్టారు కనబడతాడు."

"మరి మునుపటిలా ఉంటుందా?"

కొంచెం ఆలోచించింది.

"ఉండదు. కానీ మెట్లెక్కడానికి సరిపోతుంది," అని, నా చేతిలో హెల్మెట్ పెట్టి, గేటు లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికే ఎక్స్‌రే గది ముందు బెంచీ నిండా జనం ఉన్నారు.